ఎదురింట్లో మా సామాను

"ఇల్లు అమ్మాలంటే ముందు ఇంట్లోంచి మిమ్మల్ని తీసెయ్యాలండి," అన్నాడు బ్రోకరు.

మా ఆవిడా నేనూ ఇద్దరం టీచర్లం. నిడదవోలు నుంచి రాజమండ్రికి రోజూ వెళ్లిరావడం మా వల్ల కాక, ఉన్న ఇల్లు అమ్మేసి అక్కడే ఫ్లాటు కొనుక్కుందామనుకున్నాం. ఎంతోమంది వచ్చి చూశారు. అందరూ కాఫీ తాగి, "ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తామండి" అని వెళ్లిపోయారు. అప్పుడు దొరికాడీ బ్రోకరు. యాభై దాటినా ఫోన్లో వీడియోలు చూసి కొత్త విద్యలు నేర్చుకునే మనిషి.

"పెద్ద ఊళ్లలో అమ్మే ముందు ఇంటిని పెళ్లికూతుర్లా ముస్తాబు చేస్తారండి. ఇక్కడ ఎటు చూసినా మీరే కనపడుతున్నారు. ఆ జాడీలు, ఆ గ్రైండరు, ఆ క్యాలెండర్లు... కొనేవాడికి చోటేదండీ?"

"దేవుడి పటాలు కూడా తియ్యాలా?" అంది మా ఆవిడ.

"తియ్యాలమ్మా. గూడు ఖాళీగా ఉంటే వాళ్ల దేవుణ్ణి ఊహించుకుంటారు."

సామానంతా ఎదురింటి పిన్నిగారింట్లో పెట్టాం. ఆవిడ ఒంటరి మనిషి. రెండిళ్లూ ఒకే మేస్త్రి ఒకే ప్లానుతో కట్టాడు గానీ, ఆవిడ ఇంట్లో ఓ మంచం, టీవీ, రెండు కుర్చీలు తప్ప ఏమీ ఉండేవి కావు. "బోసిగా ఉంది, తెచ్చి పెట్టుకోండి బాబూ," అంది. ఒక్క ఆదివారంలో మా బీరువా, ఉయ్యాల బల్ల, జాడీలు, దేవుళ్లు అందరూ రోడ్డు దాటేశారు.

మా ఇంట్లోకి కడియం నర్సరీల నుంచి పాతిక కుండీల మొక్కలు దిగాయి. సోఫా అద్దెకు కావాలంటే ఊళ్లో దొరికింది ఒక్కటే, రిసెప్షన్లలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖమలు సోఫా. చేతులకి బంగారు రంగు సింహాలు. "గ్రాండుగా ఉందండి," అన్నాడు బ్రోకరు.

ఇక మేం అందులో ఏం చెయ్యడానికీ లేదు. బాత్రూమ్ తడవకూడదు, వంటింట్లో పోపు వాసన రాకూడదు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని నేను స్నానానికి రోడ్డు దాటుతుంటే, పాలాయన ఆగి, "ఏవండీ, మీ ఆవిడతో గొడవా?" అని అడిగాడు. వంటా, భోజనం, పిల్లల పేపర్లు దిద్దుకోవడం, అన్నీ ఎదురింట్లోనే. పడుకోవడానికి మాత్రం దొంగల్లా మా ఇంటికొచ్చి, లేచాక చాపలు కుండీల వెనక దాచేవాళ్లం.

రెండు వారాలకి తణుకు నుంచి బట్టల షాపాయన భార్యతో వచ్చాడు. ఇల్లంతా తిరిగారు. ఆమె ఖాళీ దేవుడి గూడు చూసి ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఏమైనా జరిగిందాండీ?" అని మెల్లిగా అడిగింది.

"అబ్బే, ఏం లేదండి," అన్నాను.

మంచినీళ్లు అడిగారు. ఇంట్లో గ్లాసు లేదు! ఎదురింటికి తీసుకెళ్లాం. అప్పుడే పిన్నిగారు మా పెనం మీద పెసరట్టు వేస్తోంది. షాపాయన భార్య మా ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఓ ఊపు ఊగింది. మా జాడీల్ని, మా దేవుళ్లని చూసి, భర్త వైపు తిరిగి, "ఇల్లంటే ఇలా ఉండాలండీ. ఇదమ్ముతారేమో అడగండి," అంది.

"అవన్నీ మావేనండి," అన్నాను గాభరాగా.

షాపాయన నవ్వాడు. "మీవైతే మీ ఇంట్లో ఎందుకు లేవండీ?"

నేను బ్రోకరు వైపు చూశాను. ఆయన సింహద్వారం కేసి చూస్తున్నాడు, అదీ పిన్నిగారి సింహద్వారం.

పిన్నిగారు నిజాయితీ మనిషి. బీరువా పక్కకి జరిపించి, గోడకున్న చెమ్మ మచ్చ చూపించింది. "చెమ్మ ఏ ఇంట్లో లేదండీ," అన్నాడాయన. మేం మా ఇంటికి అడిగిన దానికన్నా ఎక్కువ ధరకే పిన్నిగారింటికి బేరం కుదిరింది. వాళ్లు వెళ్లగానే మా ఆవిడ కుండీల మధ్య ఆ పెళ్లి సోఫాలో కూలబడింది.

సాయంత్రం పిన్నిగారు వచ్చి మా ఆవిడ పక్కనే కూర్చుంది. "మీ ఇల్లు నాకిచ్చెయ్యండి. వీధి మారే ఓపిక నాకు లేదు. కానీ వెనక గదిలో స్లాబు కారుతుంది, పంపు మోటారు పాతది, అవి చూసి ధర తగ్గించండి బాబూ."

ఆవిడకి తెలియని లోపం మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఇంకెవరితోనైనా అబద్ధమాడేవాణ్ణేమో, ఇన్నాళ్లు స్నానానికి నీళ్లిచ్చిన మనిషితో ఎలా ఆడను? ఆవిడ చెప్పిన ధరకే ఇచ్చేశాం. బ్రోకరు మాత్రం రెండిళ్లకీ కమీషను తీసుకుని, "చూశారా, ముస్తాబు పనిచేసింది," అన్నాడు.

తణుకు ఆమె ఉయ్యాల బల్ల ఉంచమని బతిమాలింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. సామాను వ్యానులోకి ఎక్కించాక, మా వట్టి ఇంట్లోకి ఒక్కతే వెళ్లి గదులన్నీ ఊడ్చి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వ్యాను వెనకాలే బండి మీద బయలుదేరాం. చాగల్లు దాటుతుండగా వెనక నుంచి ఏదో శబ్దం వినపడి, ఏడుస్తోందనుకుని బండి ఆపాను.

నవ్వుతోంది. కొవ్వూరు బ్రిడ్జి ఎక్కేదాకా ఆ నవ్వు ఆపలేదు.