రెండు దెబ్బలంటే సరే

వచ్చే నెల మా హాల్లో ఏమేం కచేరీలున్నాయో రాయమని మా బావ నా చేతికి పెన్నిచ్చి కూర్చోబెట్టాడు. మొదట అకార్డియన్ వాయించే అక్కాచెల్లెళ్ళు. ఆ వెనకే జుట్టు భుజాల దాకా పెంచిన మెటల్ గుంపు. తర్వాత జాజ్ వాళ్ళు, ర్యాప్ పాడే ఒక పిల్ల, బేకరీ పనివాళ్ళ బృందగానం, మళ్ళీ ఇంకో రాక్ గుంపు. నెలాఖరున ఒకే ఒక్క వయొలిన్, మైకు లేకుండా. ఇంత కిక్కిరిసిన నెల మాకు ఎప్పుడూ లేదు. ఎద్దునీ గుర్రాన్నీ ఒకే కాడికి కట్టినట్టు ఈ వరసేమిటి, ఎవరు నిర్ణయిస్తారు ఇవన్నీ అని చాలామంది అడుగుతారు. అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా పక్కింటి కుట్టు మిషను నిర్ణయిస్తుంది.

హాలంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడు టైర్లు దాచుకున్న గోడౌను. వాన పడితే ఇప్పటికీ రబ్బరు వాసన వేస్తుంది. మా వెనక ఏ కంపెనీ లేదు, మా ముందు ఏ పెద్ద పేరూ లేదు. నేనూ, మా అక్క మొగుడూ కలిసి నడుపుతాం. వైర్లూ మీటలూ బావవి, నోరు నాది. స్టేజీకి కుడిపక్క గోడ మాదీ, పక్కింటిదీ ఉమ్మడి గోడ. ఆ ఇంటి ముందుగదిలో ఒక దర్జీ దంపతులు ఉంటారు. ఆయన కటింగ్ మాస్టరు, ఆవిడది కుట్టు. ఇప్పుడైతే మాకు బాబాయి, పిన్ని. ఆ వరస కలవడానికి ముందు ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళం.

హాలు తెరిచిన రోజున ఒక రాక్ గుంపు వచ్చింది. డ్రమ్మరు ఇంకా సరిచూసుకుంటూ కాలితో కొట్టే పెద్ద డ్రమ్మును నాలుగుసార్లు బాదాడో లేదో, గోడవతల గిన్నెలన్నీ దడదడా కిందపడ్డ చప్పుడు. మరుక్షణం పిన్ని మా గుమ్మంలో ఉంది, మెడలో టేపు, చేతిలో కత్తెర.

"మీరు పాటలు పాడుకుంటున్నారా, గోడ పడగొట్టుకుంటున్నారా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "టిక్కెట్టు కొనుక్కుని జనం సంతోషంగా వినడానికి వస్తుంటే మీకేమిటండీ కష్టం?" అన్నాను.

"నా గిన్నెలు టిక్కెట్టు కొన్లేదు నాయనా," అంది ఆవిడ.

ఆవిడ వెనకాల చెక్క స్కేలు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. గోడ దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించి, మళ్ళీ కొట్టమని డ్రమ్మరుకి సైగ చేశాడు. కాసేపు ఆలోచించి, "నేను అటు వెళ్ళి వింటాను. ఎక్కువైతే స్కేలుతో ఒక దెబ్బ కొడతాను. సరిపోతే రెండు," అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు. సరేననడానికి రెండెందుకని తర్వాతెప్పుడో పిన్నినడిగితే, "నచ్చితే రెండోసారి వడ్డించమంటాం, నచ్చకపోతే ఒక్క ముద్దతో లేస్తాం కదరా," అంది.

ఆ రోజు నుంచీ అదే మా పద్ధతి. ఎంత పెద్ద కళాకారులు రానీ, సౌండ్ సరిచూసే వేళకి డ్రమ్ము ఒకసారి కొట్టి, చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ ఆగాల్సిందే. కొత్తవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ నోరు కూడా ఉంటుందని ఇక్కడే చూశాం అనేవాళ్ళు. టక్ మని ఒక దెబ్బ పడితే బావ గొణుక్కుంటూ మీట కిందికి జరిపేవాడు. "ఈయనకి చీమ నడిచినా ఎక్కువే," అనేవాడు. టక్ టక్ మంటే కచేరీ మొదలయ్యేది.

గిన్నెల గొడవ అలా తీరింది గానీ, పిన్ని కాలితో ఇంకో చిక్కొచ్చింది. ఆవిడది తొక్కుడు మిషను. గోడవతల పాట ఏ వేగంతో నడిస్తే ఆవిడ కాలు కూడా ఆ వేగంతోనే నడుస్తుంది. ఆపుకుందామన్నా ఆగదట. ఒకసారి మా దగ్గర వేగంగా వాయించే గిటార్ల గుంపు ఉన్న సాయంత్రం ఒక లాయరుగారి ప్యాంటు అంచు కుట్టింది. మడత ఎక్కువ తినేసి ఒక కాలు బెత్తెడు పొట్టిదైపోయింది. ఆయన అది వేసుకుని కోర్టు మెట్ల మీద ఒక పక్కకి ఒరిగి నిలబడ్డాడని బాబాయి నవ్వాపుకోలేకపోయాడు. పిన్ని మాత్రం నా మీదికి వచ్చింది. "తప్పు నాది కాదు, నా కాలిది. కాలిది కూడా కాదు, మీది," అంది.

అప్పటినుంచి నెలాఖరున నేనూ బావా వాళ్ళ ముందుగదిలో కూర్చుని వచ్చే నెల కచేరీలు ఖాయం చేసుకుంటున్నాం. స్కూళ్ళు తెరిచే రోజులొస్తే గుట్టల కొద్దీ యూనిఫారాలు, తిన్నటి కుట్లు, అప్పుడు మెటల్, రాక్ వేసుకోవచ్చు. కర్టెన్లున్నప్పుడు బృందగానం. కోటుకి లైనింగు వేసే రోజున వయొలినో ఫ్లూటో తప్ప ఇంకోటి కుదరదు. జాజ్ ఉన్న రోజున పిన్ని మిషనే ముట్టదు. "వాళ్ళెక్కడ ఆగుతారో వాళ్ళకే తెలీదు, ఇక నా కాలికేం తెలుస్తుంది?" అని ఆ సాయంత్రం చేత్తో బొత్తాల కాజాలు కుట్టుకుంటూ కూర్చుంటుంది. నెలలో ఇన్ని రకాల సంగీతం మా హాల్లో వినబడటానికి కారణం మా గొప్ప అభిరుచి అని పత్రికల వాళ్ళు రాశారు. మేము కాదనలేదు.

బాబాయికీ పిన్నికీ మేమెంత రుణపడి ఉన్నామో చెప్పడం నా వల్ల కాదు. స్టేజీ వెనక నల్ల తెర పిన్ని కుట్టిందే. ఒకసారి వీధి చివర ఒక పెద్దమనిషి మా చప్పుడు మీద ఫిర్యాదు చేస్తే అధికారి ముందుగా పక్కింటికే వెళ్ళాడు. పిన్ని మిషను మీద నుంచి లేవకుండానే, "పక్క పక్కనే ఉన్నాం, మాకు లేని బాధ వీధి చివర ఎక్కడినుంచొచ్చింది బాబూ?" అందట. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఈ తలుపులు ఇవాళ తెరిచి ఉన్నాయంటే అది వాళ్ళ చలవే.

మొన్న వానలు మొదలైనప్పుడు బాబాయి బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ బల్ల మీదికి వాలిపోయాడు. స్పీకర్లు మోసే మా వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. ఇంటికి తెచ్చాక, పని చేసుకుంటూ కూడా కంటికి కనబడుతుంటాడని పిన్ని ఆయన మంచాన్ని ముందుగదిలోనే, ఉమ్మడి గోడ పక్కన వేయించింది. విశ్రాంతి కావాలి, ఆందోళన పెట్టకండి అన్నాడు డాక్టరు.

అంతే, మేము హాలు మూసేశాం. కచేరీలున్న వాళ్ళందరికీ ఫోన్లు చేస్తే ఒక్కరూ మారుమాట అనలేదు. ఉన్న డ్రమ్ములకి బావ దుప్పట్లు చుట్టాడు. కుర్చీలు ఈడ్చకుండా ఎత్తి పెట్టుకున్నాం. తలుపు కిర్రుమంటోందని దానికి నూనె కూడా వేశాం. ఎవరూ అడగకుండానే ఇంత చేస్తున్నామని మాలో మేమే మురిసిపోయాం.

రోజూ పొద్దున్నే నేను వెళ్ళి బాబాయిని లేపి కూర్చోబెట్టేవాణ్ణి. ఆయన మాత్రం ఏ పూటకాపూట చిక్కిపోతున్నాడు. ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే అమ్మాయి చెయ్యి ఎత్తమంటే బాగున్న చెయ్యి కూడా ఎత్తడు. నడిపిస్తే నాలుగడుగులు వేసి, మళ్ళీ గోడకేసి తిరిగి పడుకుంటాడు. ఆ అమ్మాయి ఒకరోజు గుమ్మం దగ్గర మాతో, "ఇప్పుడు ప్రయత్నిస్తేనే కొంతైనా తిరిగొస్తుందండీ. ఇలా వదిలేస్తే ఆ చెయ్యి బిగిసిపోతుంది, ఇక మంచానికే," అంది. పిన్ని కొంగుతో మొహం ఒత్తుకుంది.

"నేను మాట్లాడితే మొహం గోడకి తిప్పేసుకుంటున్నాడురా," అంది నాతో. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి అలిగిన మనిషి కాదు. నన్ను చూడ్డమే ఇష్టం లేదేమో."

పిన్ని మిషను మీద యూనిఫారాల గుట్ట పెరుగుతూనే ఉంది. అటు మిషనూ లేదు, ఇటు పాటా లేదు. రెండిళ్ళూ బోసిపోయాయి.

ఒక మధ్యాహ్నం బాబాయిని ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్తున్నామని పిన్ని చెప్పింది. ఇల్లు ఖాళీగా ఉందనుకుని, వానకి తడిసిన పెద్ద డ్రమ్ము పనిచేస్తోందో లేదో చూద్దామని బావ దుప్పటి తీసి ఒక్కసారి తొక్కాడు. తీరా ఆ రోజు డాక్టరు రాలేదని వాళ్ళు వెళ్ళనే లేదు. డ్రమ్ము మోగిన కాసేపటికి గోడలో ఏదో మెల్లగా తగిలింది. ఎలుకనుకున్నాడు బావ. ఇంకోసారి తొక్కాడు. మళ్ళీ అదే చప్పుడు, ఒక్కటి.

బావ మొహం పాలిపోయి నా దగ్గరికి వచ్చి, "గోడ కొట్టిందిరా," అన్నాడు. ఏమిటీ అని నేను అడిగేలోపే పిన్ని గుమ్మంలో ఉంది, అచ్చం మొదటి రోజులాగే, మెడలో టేపుతో.

"మిమ్మల్ని ఎవరు ఆపమన్నారు?" అంది.

"బాబాయికి విశ్రాంతని..."

"విశ్రాంతి కాదు, శిక్ష వేశారు. నా మీద విసుగొచ్చి అటు తిరిగి పడుకుంటున్నాడని నేనేడుస్తున్నాను. చెవి పెట్టి వింటున్నాడురా. సాయంత్రమైతే పిలుస్తారని చూసి చూసి, నా చెయ్యి పోయింది కదా, ఇక నాతో పనేముందిలే అనుకున్నాడు. ఇప్పుడు డ్రమ్ము వినబడగానే, నేను అన్నం పెడుతుంటే కంచం పక్కకి తోసి ఎడం చేత్తో గోడ కొట్టాడు."

మంచికి పోతే చెడు ఎదురయ్యిందంటారు, అలా అయింది మా పని. నాకు సిగ్గూ, సంతోషం, ఏడుపూ అన్నీ ఒక్కసారే వచ్చాయి. బావ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇప్పుడేం చేద్దాం పిన్నీ?" అన్నాడు.

"యూనిఫారాలు పేరుకుపోయాయి అల్లుడూ. గట్టిగా వాయించేవాళ్ళని పిలువు," అంది.

మొదటి రోజు గిన్నెలు పడగొట్టిన గుంపునే పిలిచాం. వాళ్ళు ఆ వారమే వచ్చారు. డ్రమ్మరు ఒక్కసారి తొక్కి ఆగాడు. స్కేలైతే టక్ మని వినబడేది, ఇప్పుడు ఉత్త వేళ్ళ కణుపులు. అందరం గోడకి దగ్గరగా జరిగాం. ఒక దెబ్బ వినబడింది. తగ్గించమని. బావ గొణగలేదు. దండం పెట్టి మరీ తగ్గించాడు. మళ్ళీ తొక్కితే మళ్ళీ ఒకటే దెబ్బ. మళ్ళీ తగ్గించాడు. మూడోసారి ఒక దెబ్బ పడింది. కాసేపు చూసి, ఇదీ ఎక్కువేనేమోనని బావ మీట మీద చెయ్యి వేయబోతుంటే, గోడ మీద ఏదో రాసుకున్నట్టు మెత్తగా రెండోది వినబడింది. ఆ వెంటనే అటు మిషను మొదలైంది.

"మొదటిది ఎడం చేత్తో కొట్టాడు," అని మర్నాడు పిన్ని చెప్పింది. "రెండోదానికి కుడి చెయ్యి ఎత్తాలని చూశాడు. నేను మోచేయి పట్టుకున్నాను, అంతే. మిగతాది ఆయనే."

ఎక్సర్‌సైజుల అమ్మాయి ఇప్పుడు సౌండ్ సరిచూసే వేళకే వస్తోంది. పొద్దున ఎంత బతిమాలినా ఎత్తని చెయ్యి డ్రమ్ము మోగితే ఎత్తుతున్నాడట. గోడ ఎన్ని ఎక్కువసార్లు కొడితే అంత మంచిదంది. ఆ మాట విన్నాక మేమాగుతామా? తెలిసిన ప్రతి గుంపుకీ ఫోన్ చేశాం. వచ్చే నెల ఇంత కిక్కిరిసి ఉండటానికి కారణం అదే.

వయొలిన్ ఒక్కటే బాబాయి కోరిక. ఇన్నేళ్ళూ మా కచేరీలన్నీ ఆయన గోడవతల నుంచే విన్నాడు, ఒక్కసారి కూడా హాల్లో కూర్చోలేదు. మైకు లేకుండా వాయిస్తే అటువైపు వినబడదు బాబాయ్ అని బావ నచ్చజెప్పబోయాడు. బాబాయి కూడదీసుకుని, ఒక్కో మాటా విడివిడిగా, "నేనే... వస్తా," అన్నాడు.

కర్ర పట్టుకుని వాళ్ళ గుమ్మం నుంచి మా గుమ్మం దాకా నడవడం ఇప్పుడు రోజూ అలవాటు చేసుకుంటున్నాడు. నిన్న మా మెట్టు దాకా వచ్చాడు. పిన్ని ఆయనకి ఆ రోజుకని కొత్త కోటు కుడుతోంది. లైనింగు వేయడానికి నెమ్మదైన పాట కావాలని నన్ను సతాయిస్తోంది.

మీరందరూ తప్పక రండి. వయొలిన్ రోజున మాత్రం ముందు వరసలో గోడ పక్కనున్న రెండు కుర్చీలు దయచేసి వదిలేయండి.