గుడివాడ లైనుకి బ్యాటరీ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కాదు, అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులే) వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే మా బందరు మీద ఒక నిశ్శబ్దం దిగేది. ఫ్యాన్లు ఆగేవి, పాలిషు మిషన్ల రొద ఆగేది, ఎదురింటి టీవీ సగం మాటలో నోరు మూసుకునేది. అప్పటిదాకా ఎక్కడుందో తెలియని సముద్రపు గాలి వచ్చి కిటికీ రెక్కని మెల్లగా కదిపేది. అందరూ ఆ వేళ విసనకర్రలు వెతుక్కునేవారు. నేను మాత్రం మూగబోయిన రిసీవరు చేత్తో పట్టుకుని గుడివాడ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. మా కొట్లోంచి గుడివాడ కనబడదు. అయినా చూసేవాణ్ణి.

డిగ్రీ అయ్యాక నేను రోల్డుగోల్డు నగల హోల్‌సేలు కొట్లో చేరాను. యజమానిని పనివాళ్ళమంతా మావయ్య అని పిలిచేవాళ్ళం (ఆయన మాలో ఎవరికీ చుట్టం కారు, ఆ మాట ఆయనే అప్పుడప్పుడూ గుర్తుచేసేవారు). నా ఉద్యోగం ఫోన్ల దగ్గర. గుడివాడలో మాకో బ్రాంచి ఉండేది. రెండు కొట్లలోనూ నెట్టు మీద నడిచే ఫోన్లు, వాటికి గోడమీద ఒక్కో పెట్టె. గుడివాడ పెట్టె దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. రోజూ పొద్దున్నే “బందరా అండీ?” అనేది. “అవునండీ, గుడివాడా అండీ?” అనేవాణ్ణి. ఇద్దరికీ పేర్లు తెలుసు, అయినా మా సంభాషణలో ఊళ్ళే మాట్లాడుకునేవి. గాజులెన్ని, జుంకీలెన్ని, వడ్డాణాలు ఎప్పుడు పంపుతారు, ఇంతే. కానీ ఆ గొంతులో వడ్డాణం అనే మాట వింటే నాకు రోజంతా పని సాగేది కాదు.

సెల్‌ఫోన్ లేదా అని మీరు అడుగుతారు. ఉంది. అయితే ఒక అమ్మాయిని నంబరు అడగాలంటే ధైర్యం కావాలి, కొట్టు ఫోనుకి ఆ ఇబ్బంది లేదు. పైగా కొట్లో అడుగు పెట్టగానే సెల్‌ఫోన్లు మావయ్య సొరుగులో పడెయ్యాలని నియమం. ఆ నియమం మీద గట్టిగా సణిగేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి, లోలోపల మాత్రం మావయ్యకి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు ఆ అమ్మాయి జుంకీల లెక్క చెప్పి, అదే గొంతుతో, “వచ్చే శుక్రవారం నేను రానండి. బంటుమిల్లి నుంచి చూసుకోడానికి వస్తున్నారు,” అంది. పెళ్ళికొడుకు వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయని కూడా చెప్పింది. నేను “ఓహో, అలాగా అండీ,” అన్నాను. తర్వాత చాలాసేపు నా మీద నాకే అసహ్యం వేసింది. మనసులో ఉన్నది శుక్రవారంలోగా చెప్పెయ్యాలి, లేకపోతే ఆ గొంతు బంటుమిల్లి చెరువుగట్ల మీదికి వెళ్ళిపోతుంది. మర్నాడు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు గుండె చిక్కబట్టుకుని, “గుడివాడ గారూ, మీతో ఒక మాట,” అన్నాను. కరెంటు పోయింది. ఆ మర్నాడు “నిన్న చెప్పబోయిన మాటేంటంటే” దాకా వచ్చాను. మళ్ళీ పోయింది. కరెంటాఫీసులో బంటుమిల్లి వాళ్ళ మేనమామ ఎవరో ఉన్నాడని అనుమానం వచ్చింది.

దేవుడు దివిసీమ రూపంలో వచ్చాడు. అక్కడి అవనిగడ్డ వ్యాపారి ఒకాయన పెళ్ళిళ్ళ సరుకు కోసం కరెంటు పోయిన వేళ ఎంత చేసినా మా ఫోను పలక్క, పక్కవీధి కొట్లో కొనేసుకున్నాడు. మావయ్య అన్నం మానేసినంత పని చేసి, ఫోన్లకి బ్యాటరీ పెట్టించే బాధ్యత నామీద పెట్టారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ముందు మావయ్య ఇంట్లో ఖాళీగా ఉన్న ఇన్వర్టరు తెచ్చి తగిలించాం. కరెంటు పోగానే అది అందుకుంది కానీ, అందుకునేలోపు ఒక్క క్షణం తడబడింది. దీపానికి, ఫ్యానుకి ఆ క్షణం లెక్కలోకి రాదు. ఫోన్ల పెట్టె మాత్రం ఆ క్షణంలోనే సొమ్మసిల్లి, మళ్ళీ మొదటినుంచి కళ్ళు నులుముకుంటూ లేచేది. అది లేచేసరికి నా ధైర్యం పడుకునేది.

ఆ తడబాటు లేనిది కావాలంటే కంప్యూటర్లకి పెట్టే యూపీఎస్ తీసుకోవాలని బ్యాటరీల షాపాయన చెప్పాడు. నెట్టు పెట్టె కూడా దానికే తగిలించాలని, లేకపోతే ఫోను బతికినా లైను చస్తుందని హెచ్చరించాడు. అన్నీ రాసుకుని, చివరికి మర్యాదగా, “కరెంటు లేకుండా ఎంతసేపు నడవాలండీ?” అని అడిగాడు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కుశలప్రశ్నలకి కొంత, గాజులకి కొంత, ఎండల గురించి కొంత, గొంతు సవరించుకోవడానికి కొంత, ఆ తర్వాత అటువైపు మౌనానికి ఎంతో ఎవరికి తెలుసు? షాపులో దుమ్ముపట్టిన బ్యాటరీల మధ్య నిలబడి కలలోలా లెక్కేసుకుని, “పెద్దదే ఇవ్వండి,” అన్నాను. ఫోనుకి అంత బ్యాటరీ ఏమిట్రా అని మావయ్య కళ్ళెర్రజేశారు. అవనిగడ్డ వాళ్ళు బేరం ఒక పట్టాన తెమల్చరు మావయ్యా అన్నాను. అది నిజమే కాబట్టి ఒప్పుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఫోనులో పచ్చదీపం వెలుగుతూనే ఉంది. గుడివాడ నంబరు నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. లెక్కలు రాసే బాబాయి టేబులు ఫ్యాను యూపీఎస్‌కి తగిలించుకుని హాయిగా గాలి పోసుకుంటూ, “గుడివాడలో కూడా కరెంటు ఉండదు కదా అబ్బాయ్, వాళ్ళ పెట్టె ఎలా పలుకుతుంది?” అన్నాడు. ప్రేమకి రెండువైపులా బ్యాటరీ ఉండాలన్న సంగతి నాకు అంతవరకూ తట్టలేదు (బాబాయి ఫ్యాను పీకేసి కసి తీర్చుకున్నాను).

గుడివాడకి కూడా కావాలని మావయ్యని ఎలా ఒప్పించానో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం. గురువారం పొద్దున్నే యూపీఎస్ ఒక చేత్తో, బ్యాటరీ గోనెసంచిలో పెట్టి ఇంకో చేత్తో మోసుకుంటూ గుడివాడ బస్సెక్కాను. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు దిగిపోయాక బస్సు ఖాళీ అయింది. కిటికీలోంచి కోతలైన పొలాలు, కాలవ నీళ్ళు, నీళ్ళలో ఆకాశం అలా వెనక్కి జారిపోతుంటే, కాళ్ళ మధ్య బ్యాటరీని పట్టుకుని నేను చెప్పాల్సిన మాటని మనసులో తిప్పి తిప్పి చెప్పుకున్నాను. ఊరు రాకూడదనిపించింది, వెంటనే వచ్చెయ్యాలనీ అనిపించింది.

గొంతుకి మనిషి ఉండటం నన్ను కంగారు పెట్టింది. ఆకుపచ్చ చుడీదారు, చెవికి మా కొట్టు జుంకీలు. ఆమె “రండి” అంది, నేను “ఆఁ” అన్నాను. అంతే, రోజూ మాట్లాడుకునే రెండు ఊళ్ళకీ మాటలు అయిపోయాయి. ఆమె బల్లమీది గాజుల్ని సర్దిందే సర్దింది. నేను యూపీఎస్ బిగించి, నెట్టు పెట్టె తగిలించి, ఇంక చేసేదేమీ లేక సరుకు గదిలోకి పోయి నిలబడ్డాను. అప్పుడే కరెంటు పోయింది. వీధంతా సద్దుమణిగింది. ఆ గదిలో గోడకి ఇంకో ఫోను, దానిమీద పచ్చదీపం.

తీసి ముందుగది నంబరు నొక్కాను. గోడ అవతల గంట మోగడం వినబడింది. “గుడివాడా అండీ?” అన్నాను.

“అవునండీ, బందరా అండీ?” అంది ఆమె. ఆ గొంతు ఫోనులోంచి ఒకసారి, గోడలోంచి ఒకసారి వచ్చింది.

“మీకొక మాట చెప్పాలండీ.”

ఆమె మెల్లగా అడిగింది. “ఈ బ్యాటరీ ఎంతసేపు వస్తుందండీ?”

“మూడు గంటలండీ.”

“అయితే కంగారు పడకండి. నిదానంగా చెప్పండి.”

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, గాజుల ప్రస్తావన కూడా వచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నగారికి ఆమే చెప్పేసింది. ఆయన వద్దని కబురు పంపడంతో శుక్రవారం బంటుమిల్లి వాళ్ళు రాలేదు, మావయ్య మాత్రం నా తరఫున సంబంధం మాట్లాడ్డానికి వెళ్ళారు.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పోయినా తెలియదు. ఇద్దరి ఫోన్లూ ఇద్దరి చేతుల్లోనే ఉంటాయి. పాలప్యాకెట్టు తెమ్మనీ, వస్తూ వస్తూ గ్యాసు సంగతి కనుక్కోమనీ రోజుకి ఎన్నిసార్లు మాట్లాడుకుంటామో. అలాంటప్పుడు ఆ సరుకు గదిలో గోడ ఫోనుకి చెవి ఆనించి నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. వాడంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. వాడి దగ్గర ఆమెకి చెప్పాల్సిన మాట ఒక్కటే ఉండేది. నా దగ్గర బోలెడున్నాయి, వాటిలో ఒక్కటి చెప్పడానికి కూడా నా గుండె అలా కొట్టుకోదు.