బంగారు రేకుకు బొట్టు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది, నాకేమీ తెలియదన్న సంగతి. (మిగతావన్నీ తెలుసనే నా నమ్మకం. అప్పుడప్పుడే వస్తున్న మీసం కూడా దానికి వంత పాడేది.) కొత్తకోటలో లారీల హారన్లు వింటూ పెరిగి, హైదరాబాదులో చదువు వెలగబెట్టి, అక్కడే ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాను. మేం చేసేది అగ్గిపెట్టెంత యంత్రం. కంటికి కనపడని పరారుణ కాంతిని గుడ్డ మీద వేసి, తిరిగొచ్చిన కాంతిని బట్టి అది పట్టో, నూలో, పాలిస్టరో ఫోనులో చెప్పేస్తుంది. ఇదివరకు ఈ పనికి బల్లంత యంత్రం కావలసివచ్చేది. మావాళ్లు లోపల పల్చటి బంగారు రేకు పెట్టి, దానికి వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని రంధ్రాలు వరసలు వరసలుగా పొడిచారు. ఒక్కో వరస ఒక్కో రకం కాంతినే పోనిస్తుంది. ఎందుకు పోనిస్తుందో మా సార్ మూడు గంటలు చెప్పారు. నాకు బంగారం అన్నంతవరకే అర్థమైంది. ఆ బంగారమే నా కొంప ముంచింది.

నన్ను గద్వాలకు పంపారు. అక్కడ 'కుట్టు తాత' అని ఒక నేతగాడు ఉన్నాడు. (గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే కలిపే పనిని కుట్టు అంటారు. తాత కలిపితే అతుకు ఎక్కడుందో దేవుడు కూడా వెతుక్కోవాలి.) పెళ్లిళ్ల సీజన్ చీరలన్నీ తాతకూ ఆ వీధి మగ్గాలకూ ఇద్దామని హైదరాబాదు నుంచి ఒక దుకాణం మేడమ్ వచ్చింది. అంతకుముందు ఎవరో ఆమెకు పట్టు అని చెప్పి నకిలీ దారం అంటగట్టారట. అందుకే మా యంత్రం అవునంటేనే మాట ఖాయం. అంటే ఆ పూట ఆ వీధి పనంతా నా జేబులో ఉంది. నేను నడిచిన తీరు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోయేది.

మేడమ్ చీరలు తిరగేస్తుంటే నేను తాతకూ, ఆయన భార్య అవ్వకూ యంత్రం గొప్పలు మొదలుపెట్టాను. "దీని లోపల బంగారం ఉంది అవ్వా," అన్నాను. అవ్వ చటుక్కున లేచింది. "బంగారమా! ఇంట్లకు బంగారమొస్తే గిట్లనే పట్టుకోని కూసున్నవా బిడ్డా? జర ఆగు," అంటూ లోపలికెళ్లి పసుపు కుంకుమలు తెచ్చింది. కొత్త మగ్గానికైనా కొత్త కత్తెరకైనా బొట్టు పడందే ఆ ఇంట్లో పని మొదలవదు. మా యంత్రం ముందువైపు నల్లటి గుండ్రటి అద్దం ఉంటుంది, సరిగ్గా బొట్టంత. "సూడు, బొట్టుకనే గుండ్రంగ జాగ ఇడిచిండ్రు. ఎంత తెలివిగల్లోల్లు!" అని మురిసిపోయింది. ఆ అద్దానికి వేలు కూడా తగలనివ్వద్దని సార్ పదిసార్లు చెప్పారు. మరి నేనేం చేశాను? యంత్రాన్ని రెండు చేతులా పట్టుకుని భక్తిగా కళ్లు మూసుకున్నాను. (మా అమ్మ బొట్టు పెట్టేటప్పుడు అలాగే అలవాటు.) కళ్లు తెరిచేసరికి ఎదురుగా మజ్జిగ గ్లాసు ఉంది. దాంతో అద్దం సంగతి గంగలో కలిసింది.

యంత్రాన్ని చీర ఒంటి మీద, గుడ్డకు తగలకుండా వేలెడెత్తున ఉంచాను. నూలు అంది ఫోను. అందరూ తలలూపారు. అంచు మీద పెట్టాను, నూలు. కొంగు మీద పెట్టాను, మళ్లీ నూలు. బుద్ధున్నవాడైతే అక్కడ ఒకసారి అద్దం చూసుకుంటాడు. నేను గొంతు సవరించుకుని, "ఇందులో పట్టు లేదండీ మేడమ్," అని తీర్పు చెప్పాను. ఆమె చీర పక్కన పెట్టి, "పేరున్న ఇల్లని వచ్చాను," అంటూ చేతిసంచి తీసుకుంది. తాత అరవలేదు. అరిచినా బాగుండేది. "నలభై ఏండ్లాయె మగ్గంల కూసోని. నూలును పట్టని అమ్మినోన్ని గాదమ్మా," అంటూ అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. కాలిన వెంట్రుకల వాసన గుప్పుమంది. "నూలైతే కాయితం కాలిన వాసనొస్తది. పట్టు ఎంటిక లెక్క కాల్తది. ఇంగ జెప్పు బిడ్డా, ఏందిది?"

అప్పుడైనా నేను తెలియదు అనాలి. అనలేదు. "ఇది చాలా గొప్ప టెక్నాలజీ తాతా," అన్నాను. "గట్లయితే నన్ను గూడ సూడు," అని తాత అరచెయ్యి చాచాడు. ఫోను నూలు అంది. మేడమ్ కూడా వచ్చి చెయ్యి పెట్టింది. ఆమె కూడా నూలే. ఆఖరికి యంత్రాన్ని నా నుదుటికే ఆనించుకున్నాను. నేనూ నూలే! మేడమ్ నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. "బాబూ, నీ నుదుటి మీద ఆ బొట్టు ఎక్కడిది?"

యంత్రం తిప్పి చూస్తే అద్దం నిండా పసుపు, మధ్యలో కుంకుమ. పసుపూ మొక్కదే, పత్తీ మొక్కదే. పాపం యంత్రం తన కంటికి అడ్డంగా ఉన్నదాన్నే చూసి, తనకు తెలిసినవాటిలో దగ్గరి చుట్టం పేరు చెప్పింది. అవ్వ కొంగుతో శుభ్రంగా తుడిచింది. అంచు మీద పెడితే పట్టు, కొంగు మీద పెడితే పట్టు. మేడమ్ చేతిసంచి కింద పెట్టి, చీరలన్నీ ఈ వీధికేనంది. నేను సిగ్గుతో చచ్చిపోతూ తాతకు తప్పయిందన్నాను. "నాకెందుకు జెప్తవ్? గా పట్టు దారం కండెలకు సుట్టింది మీ అవ్వ. ఆమెకు జెప్పు," అన్నాడు. అవ్వకు చెబితే, "నేను బొట్టు పెడ్తుంటే నువ్వెందుకు కండ్లు మూసుకున్నవ్ బిడ్డా?" అంది. ఇంతలో తాత మళ్లీ అరచెయ్యి చాచాడు. ఈసారి ఫోను 'తెలియదు' అంది. (దారాలు తప్ప దానికి మేమేమీ నేర్పలేదు.) "సూస్తివా, గింత డబ్బకు గూడ తెల్వదని జెప్పనొస్తది," అన్నాడు తాత నావైపు చూసి.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు యంత్రం వాడడం నేర్పేది నేనే. కొత్త యంత్రం చేతికొస్తే ఇప్పటికీ బొట్టు పెడతాను, వెనకవైపు, కళ్లు తెరుచుకుని. కానీ అవ్వ పెట్టినట్టు కుదరదు, ఆ చేతి బొట్టు ఇంకొక్కసారి దొరికితే బాగుండుననిపిస్తుంది. మీటింగుల్లో ఎవరేమడిగినా ముందు 'తెలియదు, చూసి చెప్తాను' అంటాను. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని వినయం అనుకుంటారు. నేనూ దిద్దను. నా నుదుటి బొట్టు సంగతి పాపం వాళ్లకు తెలియదు.