రేగడి మీద ప్లాస్టిక్ గడ్డి

నాలుగేళ్ల కిందటి మాట. తాండూరులో మా ఇంటి ముందు నల్లరేగడి నేల మీద చిన్న పచ్చిక ఉండేది. వాన పడితే బురద అడుగులు వంటింటి దాకా వచ్చేవి. తుడవలేక విసిగిపోయి, పచ్చిక చెక్కించి ప్లాస్టిక్ గడ్డి పరిపించాలనుకున్నాను.

"ముందుగాల కింద కంకర పోసి గట్టిగ దిమ్మిస కొట్టాలమ్మా. లేకుంటే నీళ్లు ఆగుతయి" అన్నాడు మేస్త్రీ.

"గీ రేగడి నీళ్లు గుంజదు బిడ్డా, జర ఆగు" అంది మా అత్తయ్య కూడా.

మర్నాడు చుట్టాలు వస్తున్నారని నేను ఇద్దరి మాటా వినలేదు. మట్టి మీదే పరిపించేశాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండానే ముసురు పట్టింది. మూడో రోజు వాన తెరిపివ్వగానే, కూరగాయల బండి కేక విని అత్తయ్య గేటు వైపు నడిచింది. పైకి పచ్చగా, చదునుగానే ఉంది. కింద రేగడి మాత్రం నాని జావగా మారింది. అడుగు పడగానే గడ్డి జారింది. నేను పరుగెత్తేసరికి ఆమె లేవలేక మూలుగుతోంది. తుంటి ఎముక విరిగింది.

వికారాబాద్‌లో ఆఫీసు నుంచి మా ఆయన నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. "ఎట్ల పడ్డవమ్మా?" అని అడిగాడు.

అత్తయ్య ఒక్కసారి నా వైపు చూసింది. "కండ్లు సక్కగ కనవడ్తలేవు కొడకా. చూస్కోక పడ్డ" అంది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. చివరికి మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాను.

ఆమె మళ్లీ నడవలేదు. ఏడాదికి పోయింది. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించలేకపోయానని మా ఆయన ఇప్పటికీ బాధపడతాడు. ఇంట్లో చెప్పలేని మాట మీకు చెప్పుకుంటున్నాను.