ముగ్గురం ఎక్కిన పుట్టి

మా చిన్నప్పుడు ఎండాకాలం సాయంత్రాలు కృష్ణ మీద గాలి ఉన్నట్టుండి లేచేది...

వాడపల్లి కాడ మూసీ కృష్ణల కలిసినంక, జర కిందికి, ఏటి నడుమ ఒక లంక ఉండేది. ఒడ్డు మీద గడ్డంతా మాడిపోయినా ఆడ పచ్చగ ఉండేది. మా నాయిన, పెద్నాయిన గొర్లను పుట్టిల దాటించి ఆడనే మేపేటోళ్లు. పుట్టి అంటే బుట్ట లెక్క గుండ్రంగ ఉండే చిన్న పడవ.

ఆరోజు నేను గూడ వాళ్లెంబడి పోయిన. నాకు ఏడేండ్లు.

పొద్దు వాలంగ పడమర నల్లబడ్డది. సూస్తుండంగనే గాలి... ఇసుక సూదుల లెక్క గుచ్చుకున్నది. ఎనకనే వాన. గొర్లన్నీ తలకాయలు దించి ఒక్కకాడ ముద్దయినయి. నేను నాయిన కాళ్లు పట్టుకొని ఒక్కటే ఏడుపు... "అమ్మ కాడికి పోదాం, అమ్మ కాడికి పోదాం" అని.

"జర ఆగుదాం తమ్మీ, గాలి తగ్గనియ్" అన్నడు పెద్నాయిన.

"పిల్ల దడుసుకుంటున్నదే అన్నా... వణుకుతున్నది" అన్నడు నాయిన.

పెద్నాయిన నా దిక్కు సూసిండు. తనే తెడ్డు అందుకున్నడు.

నడి ఏట్ల గాలి పుట్టిని గిర్రున తిప్పింది. బోర్లపడ్డది. ఆ తర్వాత నాకు యాదికున్నది ఒక్కటే... నా జుట్టు పట్టి గుంజుతున్న నాయిన చెయ్యి.

పెద్నాయిన మూడోరోజు దొరికిండు.

లంక మీది గొర్లు ఒక్కటి గూడ పోలే. తడిసి, అట్లనే నిలబడి ఉన్నయంట.

నాయిన మళ్ల పుట్టి ఎక్కలే. రెండిండ్ల గొర్లను ఒక్క మంద జేసి ఒడ్డు మీదనే కాసిండు. పెద్దమ్మ ఎప్పటి లెక్కనే రోజూ పొద్దుగాల నన్ను ముందట కూసోబెట్టుకొని తల దువ్వేది. నేను మాత్రం ఆమె మొఖం దిక్కు సూడకపోయేదాన్ని.

పెండ్లయి కోదాడకు వచ్చినంక, ఒకసారి ఆమె దవాఖానకని వచ్చి మా ఇంట్ల రెండ్రోజులు ఉన్నది. అప్పుడు చెప్పిన.

"పెద్దమ్మా... ఆరోజు పోదాం పోదాం అని ఏడ్చింది నేనే."

"నాకు ఎరుకే బిడ్డా. మీ నాయిన ఆనాడే చెప్పిండు."

నా తల నిమిరింది. "ఏడేండ్ల పిల్ల గాలికి ఏడ్వక ఏం జేస్తది?" అన్నది.

అన్ని ఏండ్లు తెల్సి గూడ నన్ను ఒక్క మాట అనలే ఆమె... ఆమె ఒళ్లె తల పెట్టి ఎంతసేపు ఏడ్చిన్నో.

కింద డ్యాం కట్టినంక ఇప్పుడు ఆ లంక నీళ్లల్ల మునిగిపోయింది. గాలి రాకముందే ఫోన్లకు మెసేజ్ వస్తది. మొన్న గూడ సూసిన... ఎక్కడో సముద్రంల దీవుల మీద సాయంత్రం ఈదురుగాలులు, జల్లులు అని. నేను ఎన్నడూ సూడని దీవులు. అయినా పనులన్నీ ఇడిసిపెట్టి కూసున్న. పడవలేసుకొని పోయినోళ్లు ఒడ్డుకు చేరిన్రో లేదో మెసేజ్‌ల రాయరు కదా...

మీ ఇండ్లల్ల గూడ గాలివానకు పోయినోళ్లు ఎవరన్న ఉంటే, వాళ్లను మీరు ఏమని పిలిచేటోళ్లో కింద రాయండి. ఒక్కసారి అందరం ఆ పిలుపులను తలుసుకుందాం.