తెల్లకాగితం మీద వేలిముద్రలు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, మైదుకూరు దగ్గర మా ఊళ్ళో సాయంత్రమైతే పాత పంచాయతీ గదిలోంచి చెక్కల చప్పుడు వినిపించేది. ఇత్తడి బిళ్ళలు పొదిగిన కొయ్య చెక్కలు చేతబట్టి, పాటకు అడుగు కలుపుతూ గుండ్రంగా తిరిగే చెక్కభజన అది. నేర్పించే మాస్టరుకు జిల్లాలోని ఒక ఆఫీసు జీతమిచ్చేది. ఆయన వచ్చాకే మాలాంటి ఆడపిల్లలు ఆ గదిలో అడుగుపెట్టారు. నాకప్పుడు పదేళ్ళు. బడిలో నోరెత్తని నేను అక్కడ గొంతు విప్పి పాడేదాన్ని.

ఒక ఎండాకాలం ఆయనకు కాగితం వచ్చింది. నిధులు తగ్గించారట, ఆ నెలతో తరగతి ఆఖరట. మాస్టరు దాన్ని మాకు చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకుని, పాట మామూలుగానే ఎత్తుకున్నాడు. మధ్యలో చరణం మరిచిపోయాడు. ఆయన మరిచిపోవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

ఊరుకోనిది పక్కింటి అక్క ఒక్కతే. వాళ్ళది వడ్రంగం చేసుకునే సాయిబుల ఇల్లు. మా చెక్కలన్నీ వాళ్ళ నాన్న చేసిచ్చినవే. ఆమె ఇంటర్ దాకా చదివి, ఇంట్లో మిషన్ మీద రవికలు కుట్టేది. ఊరంతా కలిసి అర్జీ పెట్టుకుంటే ఆఫీసు వాళ్ళు వినకపోరని బయలుదేరింది. ఊళ్ళో వాళ్ళకేమో ఆమెను చూస్తేనే అనుమానం మొదలైంది. చెక్కలు అమ్ముడుపోవాలని తిరుగుతోందన్నారు కొందరు. ఏదో పార్టీ వాళ్ళు వెనక ఉన్నారన్నారు ఇంకొందరు. భజనతో వీళ్ళకేం పని అని కూడా అన్నారు. ఆ మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉండేవి.

ఒక మధ్యాహ్నం అమ్మ రవిక కోసం వాళ్ళింటికి వెళ్ళాను. మిషన్ పక్కన కాగితాల దొంతర ఉంది. ప్రతి కాగితం అడుగునా నీలం రంగు వేలిముద్రలు, పైనంతా తెలుపు. ఒక్క అక్షరం లేదు. ఊళ్ళో అంటున్నది నిజమేనేమో అనుకున్నాను. పరుగున వచ్చి మా జేజికి, అంటే నాన్నమ్మకు, చెప్పేశాను.

చెప్పకుండా ఉండాల్సిందేమో అని వెంటనే అనిపించింది. ఎందుకంటే మా జేజి తమ్ముడు ఒకప్పుడు ఎవరో అడిగితే తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడు. తర్వాత ఆ పైన ఏమి రాసుకున్నారో గాని, చేను చేజారిపోయింది. పొద్దుగూకేలోగా వీధి వీధంతా అక్క వాకిట్లో నిలబడి ఉంది.

"తెల్లకాగితం మింద ఏలు ఎందుకేపిచ్చుకున్న్యావు మే? పైన ఏం రాసుకుంటావు?" అని జేజి నిలదీసింది.

అక్క మొహం ఎర్రబడింది. "నేను మోసం జేసేదాని మాదిరి కనపడతాండానా జేజీ?" అంది. అర్జీ బాగా రాయగల పంతులు ఊళ్ళో లేడట. ఆయన వచ్చాక పైన రాయించుకోవచ్చులే అని, పొలం పనుల కాడ దొరికిన వాళ్ళ చేత ముందే వేలిముద్రలు వేయించిందట. ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆమె లోపలికి వెళ్ళి ఆ దొంతర తెచ్చి, అందరూ చూస్తుండగా నిలువునా చించేసింది. పది రోజుల తిరుగుడు అది.

"నువ్వడిగింది న్యాయమే జేజీ. తప్పు నాదే," అంది.

రెండు రోజుల తర్వాత ఆమె మా ఇంటికి వచ్చింది. నేను తలుపు చాటున దాక్కున్నాను. ఆ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా? తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను పిలిచి చేతిలో కాగితాలు పెట్టింది. ఈసారి ప్రతి కాగితం పైనా, ఊరికి తిరిగొచ్చిన పంతులు చేత రాయించిన అర్జీ పూర్తిగా ఉంది.

"నీ గొంతు బాగుంటాది పాపా. ఇంటింటికీ పోయి నువ్వే సదువు," అంది.

చదివాను. కొందరు రెండుసార్లు చదివించారు. కొందరు కాగితం తిప్పి వెనక ఏముందో చూశారు. ఒక పెద్దాయన అయితే నేను లేనిమాట కలిపి చదువుతున్నానేమోనని తన మనవడి చేత మళ్ళీ చదివించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం, "అడగనీలే. నిలబడి చెప్దాం, మనకేం తొందర?" అంటూ నీడకు జరిగి నిలబడింది. మా జేజి మూడుసార్లు చదివించుకుని గాని వేలు ముంచలేదు.

ఆఫీసుకు మాస్టరు, అక్క, నేను బయలుదేరితే జేజి కూడా బస్సెక్కింది. తన వేలిముద్ర ఏ చేతుల్లోకి పోతుందో చూడాలట. అక్కడి సారు కాగితాలు తిరగేసి, "ఏమప్పా, అన్నీ ఒకే ఏలు మాదిరి ఉండాయే? ఈడ కూచోని మీరే ఏసుకున్నారా?" అని మాస్టరును అడిగాడు. జేజి ముందుకొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టింది.

"మూడో కాగితంలో మొదటిది నాది సారూ. ఇదో, ఏలు ఈడనే ఉండాది. మళ్ళా ఏపిచ్చుకోని పక్కపక్కన పెట్టి సూసుకో. ఆ పాప నాకు మూడు తూర్లు సదివినాకే ఏసినా."

ఆయన నిజంగానే ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. జేజి వేలు వేసింది. రెండింటినీ చాలాసేపు చూసి, ఆయన ఆమెకు కుర్చీ వేయించాడు. అర్జీ మొత్తం అప్పుడే మొదటిసారి చదివాడు.

పూర్తిగా గెలిచామని చెప్పను. రోజూ ఉండే తరగతి వారానికి మూడు రోజులైంది. కానీ మూతపడలేదు. ఆ గది నిండేంతగా పిల్లలు వచ్చారు, వాళ్ళలో ఆ పెద్దాయన మనవడూ ఉన్నాడు.

ఇప్పుడు నేను బళ్ళో టీచర్ని. సంతకం పెట్టాల్సిన తల్లిదండ్రులు నన్ను అనుమానంగా చూసినప్పుడు ముందు నాకూ మొహం ఎర్రబడుతుంది. ఆ కోపం దిగేదాకా ఆగి, కాగితం మొదటినుంచి చదువుతాను. ఆ రోజు జేజికి చెప్పింది నేనేనని అక్క దగ్గర నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆమె ఎన్నడూ అడగనూ లేదు.