చెలమ నీళ్లు

బెజవాడ దగ్గర రెండు కొండల మధ్య నుంచి బయటపడ్డాక కృష్ణకు సముద్రందాకా కొండన్నది కనబడదు. పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య నేలే దివిసీమ. నన్నిచ్చింది అక్కడ, కోడూరు దిగువన, వేసవిలో సముద్రం పోటు మీదుంటే ఏరంతా ఉప్పైపోయే చోట.

మాది గుడివాడ. ఇంటి ముందే కాలువ, బిందె ముంచితే చాలు. అందుకే యాభైల చివర్లో నా పెళ్లి మాటలు నడిచినప్పుడు మా నాన్న పిల్లవాడికి వంక పెట్టలేదు, నీళ్లకు పెట్టాడు. చివరికి ఒప్పుకుంటూ నన్ను పక్కకు పిలిచి, "ఎండల్లో వచ్చి చూస్తానమ్మా. ఆ నీళ్లు నీకు పడకపోతే వెంటబెట్టుకుని తీసుకొచ్చేస్తాను. ఎవరేమనుకున్నా సరే," అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

వేసవిలో కాలువ నీళ్లు అంత దిగువకు అందక, మా వీధి మొత్తానికి ఏటి ఒడ్డున ఇసుకలో ఒకటే చెలమ. మోకాలి లోతు గుంట, అంతే. అడుగున ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో పైపైన తీసుకుని, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. బిందె నిండేలోపు ఊళ్లో సంగతులన్నీ తెలిసిపోయేవి. ఆ నీళ్లలోనూ నాలుక చివర కాస్త ఉప్పదనం ఉండేది. "లోతు తవ్వమాకమ్మాయ్, కిందంతా ఉప్పే," అని అత్తయ్య మొదటి రోజే చెప్పింది. చెప్పింది బాగానే విన్నాను. ఓపికే నాకు పుట్టుకతో లేదు.

నాన్న వస్తానని కార్డు రాసిన రోజు తెల్లవారకముందే బిందెలు తీసుకుని వెళ్లాను. ఒడ్డున ఎవరూ లేరు. చిప్పెడు నీళ్ల కోసం గొంతుక్కూర్చోవడం ఆ రోజు నా వల్ల కాలేదు. చేతులతో ఇసుక తోడి గుంటను ఇంకో మూరెడు దింపాను. నీళ్లు బుడబుడమంటూ వచ్చేశాయి. రెండు బిందెలూ నింపుకుని, ఈ ఊరి ఆడవాళ్లకు ఈపాటి తెలివి లేకపోయిందే అనుకుంటూ ఇంటికొచ్చాను.

పప్పు ఉడకలేదు. పొయ్యి కింద పుల్లలు అయిపోయాయి గానీ బద్ద బద్దగానే ఉంది. అత్తయ్య బిందెలో నీళ్లు కాసిని నోట్లో వేసుకుని నా మొహంకేసి చూసింది. అప్పటికే ఏటి వైపు నుంచి ఆడవాళ్ల కేకలు వినబడుతున్నాయి. వీధి వీధంతటికీ ఆ రోజు ఉప్పునీళ్లే.

నాన్న బందరుదాకా రైల్లో, ఆ తర్వాత బస్సులో, ఏరు దాటాక ఎడ్లబండిలో వచ్చాడు. పీట మీద కూర్చుని అన్నంలో పప్పు కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. గ్లాసెత్తి ఒక్క గుక్క తాగి దించేశాడు.

"బట్టలు సర్దుకో," అన్నాడు.

అత్తయ్య నా నిర్వాకం బయటపెట్టవచ్చు. పెట్టలేదు. "రెండ్రోజుల్లో నీళ్లు బాగుపడతాయండీ అన్నయ్యగారూ," అని తలుపు పక్కనే నిలబడింది. అంతవరకూ ఆవిడంటే నాకు భయమే. ఆ క్షణాన ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

"ఆవిడ తప్పేం లేదు నాన్నా. నీళ్లదీ కాదు. తొందరపడి నేనే చెలమ లోతు తవ్వాను. వీధందరి నీళ్లూ పాడుచేసి, నేనొచ్చి మన కాలువ నీళ్లు తాగనా?" అన్నాను ఏడుస్తూ.

నాన్న గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ గ్లాసులో నీళ్లు మొత్తం తాగేసి లేచాడు. సాయంత్రం పంచె ఎగగట్టి నాతో ఏటికి వచ్చాడు. ఇద్దరం పాత గుంట పూడ్చి, ఆడవాళ్లు చూపించిన చోట కొత్తది తీశాం. "చాలు బావగారూ, ఇంకా తవ్వితే మీ అమ్మాయికి మీ పోలికే వచ్చిందనుకుంటాం," అని వాళ్లు ఒకటే నవ్వడం. నాన్న కూడా నవ్వాడు. మర్నాడు ఒక్కడే బండెక్కాడు.

మళ్లీ ఏడాదికి పుట్టింటికి వెళ్లాను. నాన్న తనే చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలోనే నా చేతికిచ్చాడు. ఎండన పడి వచ్చానేమో, గడగడా సగం తాగి ఆగిపోయాను.

"ఏంటి నాన్నా, ఇంత చప్పగా ఉన్నాయి?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

నాన్న నా చేతిలోంచి చెంబు తీసుకుని మిగిలిన సగం నిదానంగా తాగి చూశాడు.

"మన నీళ్లు ఎప్పట్లాగానే ఉన్నాయి తల్లీ," అన్నాడు.